అదే ఇంజను

ఊబలంకలో చంద్రరావు సావిట్లో ఉన్న అమెరికా కారు అసలుదో కాదో తేల్చడానికి హారతి కాకినాడ నుంచి వచ్చేసరికి, ఆమెకంటే ముందే వచ్చి కూర్చున్న మనిషి ఒకడు కనిపించాడు. డెబ్బై దాటి ఉంటాయి. సావిడి చూరు కింద ప్లాస్టిక్ కుర్చీలో, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాకి మెడ దాకా గుండీలు పెట్టుకుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద ఆనించి, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా బిగుసుకుపోయి ఉన్నాడు. కొనేవాళ్ళ తరఫు మనిషేమో అనుకుంది హారతి. అనుకున్నాక, కొనేవాళ్ళ తరఫు మనిషి తనే కదా అని గుర్తొచ్చింది.

"ఆయనెవరండీ?" అంది సంచీ కింద పెడుతూ.

చంద్రరావు అటు చూడనన్నా చూడలేదు. "జీవరాజని, మెకానిక్కు. ఎవరు పిలిచారని వచ్చాడో! వాడి సంగతి తర్వాత చెబుతాను గానీ, మీరు ముందు టిఫిన్ చెయ్యండి. పెసరట్లు వేడిగా ఉన్నాయి."

హారతి వద్దంది. తనిఖీ పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు తప్ప మరేదీ ముట్టకూడదని ఆమె నియమం. ఇన్సూరెన్సు సర్వేయరుగా తిరిగిన రోజుల్లో, పెసరట్టు తిన్న నోటితో ఆ ఇంటివాళ్ళ బండికి వంక పెట్టడం ఎంత ఇబ్బందో తెలిసొచ్చాక పెట్టుకుంది. ఇప్పుడు పాత కార్లు కొనేవాళ్ళ కోసం ఊళ్ళు తిరిగి, ఏది అసలో ఏది అతుకో చూసి చెప్పడం ఆమె పని. ఆ పని వచ్చినవాళ్ళు చాలామందే ఉండొచ్చు గానీ, గోదావరి జిల్లాల్లో ఏమీ తినకుండా ఆ పని చేసుకుని బయటపడ్డం మాత్రం అందరివల్లా కాదు.

"కాఫీ కూడా వద్దా?" అంది అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న చంద్రరావు తల్లి పెద్దింట్లమ్మ. తొంభైకి దగ్గరపడ్డా గొంతు మాత్రం ఖంగుమంటూనే ఉంది. "మా ఇంట్లో నీళ్ళు తాగి పోయిందట అని నలుగురూ అనుకుంటే ఎవరికమ్మా తలవంపులు?"

"పనయ్యాక పుచ్చుకుంటానండి," అంది హారతి. ఆ మాట పెద్దింట్లమ్మకి నచ్చలేదని చిక్కుడుకాయ విరిచిన తీరులోనే తెలిసిపోయింది.

కారు మీద కప్పిన టార్పాలిన్ తీయించాడు చంద్రరావు. వెనక భాగం ఏటవాలుగా జారిపోయే ముస్టాంగ్, అరవై తొమ్మిది మోడలు. బానెట్టు మీద నల్లపట్టీ, ఎర్రరంగు కాస్త వెలిసి ఇటుకరంగులోకి దిగింది. చంద్రరావు తండ్రి పట్టాభిరామయ్య బతికున్న రోజుల్లో దీన్ని మద్రాసులో ఎవరో దొర దేశం వదిలి పోతూ అమ్మితే కొన్నాడు. స్టీరింగు ఎడమవైపు ఉండడంతో ఎదురొచ్చిన ఎడ్లబళ్ళ వాళ్ళంతా డ్రైవరు లేని కారు అనుకుని పక్క బోదెల్లోకి దిగిపోయేవారట. చంద్రరావు ఆ కథ చెప్పి తనే నవ్వాడు. చాలాసార్లు చెప్పిన కథ అని నవ్వులోనే తెలుస్తోంది.

"ఇప్పుడు ఆయన సంగతి చెప్పండి," అంది హారతి, చేతులకి తొడుగులు వేసుకుంటూ.

చంద్రరావు గొంతు తగ్గించాడు గానీ, సావిడి అవతలకి వినపడనంతగా కాదు. తొంభై ఆరు తుఫానుకి రెండేళ్ళ ముందు కారు పొగ కక్కడం మొదలుపెట్టింది. అప్పట్లో రావులపాలెం సెంటర్లో జీవరాజు షెడ్డంటే ఈ చుట్టుపక్కల పెద్ద పేరు. ఇంజను ఇక్కడే ఈ సావిట్లో విప్పి కిందికి దించాడు. లోపల సిలిండర్లు అరిగిపోయాయని, వాటికి బోరు కొట్టించాలంటే మద్రాసు పోక తప్పదన్నాడు. అరటిగెలల లారీలో గెలల మధ్య పెట్టించుకుని తీసుకుపోయాడు, తెచ్చాడు, బిగించాడు. కారు నడిచింది. ఏడాది తిరక్కుండా మద్రాసు నుంచి పాతకార్ల పిచ్చి ఉన్న పెద్దమనిషి ఒకడు చూడ్డానికి వచ్చి, ఇంజను వెనక వేలు పెట్టి తడిమి, "ఇక్కడ నంబరుండాలే, అరగదీసి ఉందేంటి?" అన్నాడు.

"అంతేనండి. నాన్నగారికి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి రావులపాలెం సెంటర్లో, అరటిగెలల మార్కెట్టు మంచి జోరు మీద ఉన్నప్పుడు, అందరి ముందూ పట్టుకుని కడిగేశారు. మా ఇంజను మద్రాసులో అమ్ముకుని ఎవడిదో అంటగట్టావురా అని చెప్పు తీశారు. ఆ తర్వాత షెడ్డు ఎత్తేశాడు. ఇప్పుడు గోపాలపురంలో ఏదో సందులో ఆయిలింజన్లు బాగు చేసుకుంటున్నాడు."

"మీరు నమ్మారా?"

"నాన్నగారు అన్నాక నమ్మడం, నమ్మకపోవడం ఏముంటుందండి?" అన్నాడు చంద్రరావు, ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టు.

చూరు కింది నుంచి జీవరాజు మొదటిసారి మాట్లాడాడు. "ఈవేళ తేలిపోద్దని తెలిసి వచ్చానండి. ఏదైతే అదే, నా ఎదురుగా చెప్పండి మేడంగారూ. చాటున మాత్రం చెప్పకండి."

హారతి తలూపింది. ఆమెకి ఇలాంటివి కొత్త కాదు. పాత కారు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళని, కొట్టుకున్న అన్నదమ్ములని చూసింది. ఎవరి మొహం చూసినా పని చెడుతుందని కారునే చూడ్డం అలవాటు చేసుకుంది.

ముందు అద్దం కింద, స్టీరింగు వైపు మూల రేకు మీద కొట్టిన నంబరు దగ్గర మొదలుపెట్టింది. మొదట ఉన్న తొమ్మిది అనే అంకె సంవత్సరానిది, తర్వాతి అక్షరం ఫ్యాక్టరీది, సున్నా రెండు ఈ ఏటవాలు బాడీకి, దాని తర్వాత ఉన్న అక్షరం ఎలాంటి ఇంజనుతో పుట్టిందో చెబుతుంది. అదే నంబరు ముందు ఫెండరు అంచు కింద, మామూలుగా ఎవరి కంటా పడని చోట, ఇంకోసారి కొట్టి ఉంటుంది. మోసం చేసేవాళ్ళు పైది మార్చి కిందిది మరచిపోతారు. టార్చి వేసి, గుడ్డతో తుడిచి, ఒక్కో అంకే పోల్చింది. సరిపోయింది. తలుపు మీది వివరాల రేకు సగం తుప్పు తిన్నా మిగిలిన సగం అబద్ధమాడలేదు. అతుకులు లేవు, వేరే కారు ముక్క లేదు.

"బాడీ అంతా అసలుదేనండి," అంది.

చంద్రరావు మొహం చాటంత అయింది. "చెప్పలా! నాన్నగారు కొన్నారంటే మాటలా!"

ఇక ఇంజను మిగిలింది. కింద దూరి, పక్కన పోతపోసిన అక్షరాలు చూసింది. రకం సరిగ్గా అదే. పోత పోసిన తేదీ కూడా కారు తయారవడానికి కాస్త ముందుది. ఆ మాట పైకి చెప్పగానే జీవరాజు కుర్చీలోంచి సగం లేచాడు.

"అంటే అదేనా అండి?"

"ఆ రకందే అని తెలుస్తోందండి. ఆ రకం ఇంజన్లు వేలకు వేలు పోశారు. ఈ కారుతో పుట్టిందేనా అన్నది నంబరే చెప్పాలి."

జీవరాజు మళ్ళీ కూర్చున్నాడు.

ఇంజను వెనక, పైభాగంలో, చెయ్యి పట్టీపట్టని సందులో ఉంటుంది ఆ నంబరు. చిన్న అద్దం, టార్చీ పట్టుకుని వంగింది. నీలంరంగు మందంగా పూసి ఉంది. వేలితో తడిమింది. నున్నగా ఉంది. రంగు కింద ఆకురాయి పెట్టి రాసిన గీతలు అడ్డంగా తగిలాయి.

"అరగదీసి ఉంది," అంది, బాడీ అసలుది అన్న గొంతుతోనే.

చంద్రరావు జీవరాజు వైపు ఓ చూపు చూశాడు. జీవరాజు మోకాళ్ళ మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను అరగదియ్యలేదండి," అన్నాడు. ఎదురు మాట కోసం ఆగలేదు. ఈ మాట ఎన్నాళ్ళుగానో, వినేవాళ్ళు లేకుండా, తనలో తనే అనుకుని ఉంటాడనిపించింది హారతికి. అనిపించినందుకు తన మీద తనకే చిరాకేసింది, ఇంకా పని మిగిలుంది.

మామూలుగా ఇక్కడికి సరిపెట్టేవాళ్ళే ఎక్కువ. హారతి మాత్రం రంగు తీయకుండా వదలదు. ఒక్కోసారి ఆకురాయి లోతుగా పోదు, అంకెల అడుగు మిగులుతుంది. రంగు కరిగించే మందు బ్రష్షుతో రాసి, కాసేపు ఆగి, గుడ్డతో తుడిచింది. బూడిదరంగు ఇనుము బయటపడింది. అంకెల జాడ లేదు. కానీ చిన్నచిన్న గుంటలున్నాయి. తుప్పు తిన్న గుంటలనుకుంది ముందు. తుప్పు ఎక్కడన్నా వరస కట్టి తింటుందా?

"కాస్త ముగ్గుపిండి ఇప్పిస్తారా?"

"ఎందుకమ్మా, కారుకి ముగ్గెడతావా?" అంటూనే పెద్దింట్లమ్మ లోపలి నుంచి డబ్బా తెప్పించింది. హారతి చిటికెడు పిండి ఆ గుంటల్లోకి వేలితో రుద్ది, పైపైన తుడిచి, ఫోను సందులోకి దూర్చి ఫొటో తీసింది. బయటికి తీసి చూసుకుంది. బూడిదరంగు ఇనుము మీద తెల్లగా, చుక్కచుక్కగా, గుండ్రటి తెలుగు అక్షరాలు.

"యా. పెద్దింట్లమ్మ," అని పైకి చదివింది.

అరుగు మీది నుంచి పెద్దింట్లమ్మ అంది. "నా గిన్నేనా? ఎక్కడ దొరికింది?"

"గిన్నె కాదండి. ఇంజను మీద ఉంది."

పెద్దింట్లమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఓ, అదా! ఉంటుంది మరి, కొట్టించాను కదా!" అంది, ఇందులో అంత ఆశ్చర్యపోవడానికి ఏముందన్నట్టు.

ఆ ఏడు వాళ్ళ చిన్నమ్మాయి పెళ్ళి. సారె సామాను మీద పేర్లు కొట్టడానికి చిన్న ఉలీ, సుత్తీ పట్టుకుని మనిషి వచ్చాడు. బిందెల మీద, పళ్ళాల మీద, గరిటెల కాడల మీద కూడా కొట్టాడు. అదే సావిట్లో ఇంజను కిందికి దించి ఉంది. మద్రాసు పోతుందని విన్నది పెద్దింట్లమ్మ.

"పక్కింటికి పప్పుగిన్నె పంపితేనే పేరు లేకపోతే తిరిగి రాదు కదమ్మా! మద్రాసు పోయేదాని మీద పేరుండొద్దా? దాని మీద కూడా ఒకటి కొట్టవయ్యా అన్నాను. నున్నగా ఉన్నచోటు ఇదొక్కటేనండి, ఏవో అంకెలున్నాయి అన్నాడు. మనవి కాని అంకెలు మనకెందుకు, ఆకురాయి పెట్టి తీసెయ్యమన్నాను."

చంద్రరావు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా! మరి నాన్నగారు అంత రచ్చ చేసినప్పుడు నువ్వు చెప్పలేదేం?"

"నాకేం చెప్పారని నేను చెప్పను? జీవరాజు ఇంజను మార్చేశాడన్నారు. పేరు కొట్టించి పంపినా మార్చేశాడే, ఎంత గుండెలు తీసిన బంటు అనుకున్నాను. నంబరు పోయిందని గొడవ పడ్డారని నాకెవరు చెప్పారు? కార్ల సంగతి మీకు, గిన్నెల సంగతి నాకు."

అదీ జరిగింది. నంబరు లేదన్న మాట వాకిట్లో మగవాళ్ళు మాట్లాడుకున్నారు, పేరు ఉందన్న సంగతి వంటింట్లో ఉండిపోయింది, మధ్యలో ఉన్నది ఒక్క గడప. ఇంజను ఎక్కడికీ పోకూడదని చేసిన జాగ్రత్తే దాన్ని తెచ్చినవాణ్ణి దొంగని చేసింది. హారతికి నవ్వొచ్చింది, ఆ వెంటనే జీవరాజు మొహం చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

"మీకు కనపడలేదా అండీ ఈ పేరు?" అని అడిగింది.

"లేదండి. మద్రాసు నుంచి వచ్చేటప్పటికి మడ్డి పట్టేసి ఉంది. కడిగి రంగేసింది షెడ్డులో పనోళ్ళు. పెద్దాయన సెంటర్లో పట్టుకున్నప్పుడు కూడా, ఎక్కడ నంబరు, ఏం నంబరని అడగనివ్వలేదండి." కాస్త ఆగి, "మరైతే ఏంటండి? చెప్పండి," అన్నాడు.

చాటున చెప్పొద్దన్నాడు కాబట్టి హారతి తొడుగులు తీసేసి, అతని ఎదురుగా వచ్చి నిలబడి చెప్పింది. "వాళ్ళు మీకిచ్చిన ఇంజనే మీరు తెచ్చి బిగించారండి. మార్చలేదు."

జీవరాజు ఏడవలేదు. ఆయ్ అన్నాడు. మంచినీళ్ళు అడిగాడు. పొద్దుటి నుంచి అతనూ ఈ ఇంట్లో ఏమీ ముట్టలేదని హారతికి అప్పుడు తెలిసింది. నీళ్ళు పెద్దింట్లమ్మే లేచి, గోడ పట్టుకుని నడిచి తెచ్చి ఇచ్చింది. గ్లాసు మీద కూడా ఆమె పేరుంది. అతను తాగుతున్నంతసేపూ పక్కనే నిలబడింది.

"నా వల్ల వచ్చిందయ్యా నీకు," అంది. "నోరు తెరిచి ఒక్క మాటన్నా అడిగి ఉండాల్సింది నేను."

"మీకేం తెలుసమ్మగారూ," అన్నాడు జీవరాజు.

చంద్రరావు హారతిని సావిడి వెనక్కి పిలిచాడు. మనిషి మంచివాడే, కాకపోతే కారు హైదరాబాదు పోతుందని ఊరంతా చెప్పుకున్నాడు. "రిపోర్టులో ఇదంతా రాస్తారా అండీ? నంబరు అరగదీశారంటే కొనేవాడు వెనక్కి పోతాడు. రంగు కింద ఏముందో చూడలేదని రాసెయ్యకూడదా? ఇక్కడున్న నలుగురికీ తెలిసింది కదా, జీవరాజుక్కూడా మనసు కుదుటపడింది."

"చూశాను కదండీ," అంది హారతి. "నంబరు లేదు, పేరుంది. చూసింది రాస్తాను. కొనడం, మానడం వాళ్ళిష్టం."

గోడకి అవతల పెద్దింట్లమ్మ చెవులు ఆ వయసులోనూ చురుగ్గానే ఉన్నాయి. "రాయమ్మా! పేరు నాది, కొట్టించింది నేను. కారు అమ్ముడుపోకపోతే సావిట్లోనే ఉంటుంది, దానికి తిండి పెట్టాలా ఏంటి? ఒరేయ్ చంద్రం, మీ నాన్న ఆ మాట రావులపాలెం సెంటర్లో అన్నారు. నువ్వు సావిట్లో గుసగుసలాడి సరిపెట్టేస్తావా?"

కారు నడిపి చూడ్డం ఎలాగూ మిగిలే ఉంది. హారతి బస్సెక్కాల్సిందీ రావులపాలెంలోనే. చంద్రరావు చాలాసేపు తాళాల కోసం వెతికాడు, జేబులోనే ఉన్నాయి. తర్వాత కుడివైపు తలుపు తీసి, పట్టుకుని నిలబడి, "ఎక్కండి జీవరాజుగారూ," అన్నాడు.

పొద్దుటి నుంచి 'వాడు' అన్న నోరే అది. జీవరాజు ముందు వెనక సీటు వైపు కదిలాడు. అక్కడ హారతి అప్పటికే సంచీతో సహా ఇరుక్కుని కూర్చుంది. ఇక తప్పక ముందు ఎక్కాడు. చెప్పులు విడిచి ఎక్కబోతే చంద్రరావే వద్దన్నాడు.

ఇంజను ఒక్కసారి దగ్గి, తర్వాత గంభీరంగా అందుకుంది. ఏటిగట్టు మలుపు దగ్గరకొచ్చేసరికి జీవరాజు చెయ్యి ఎత్తి చూపించాడు. "ఇటు గట్టు మీంచి పోనివ్వండి, సెంటరు తగలదు." అని, తనే ఉలిక్కిపడి చెయ్యి దించుకున్నాడు. చంద్రరావు తిన్నగానే పోనిచ్చాడు.

మార్కెట్టులో గెలలు దిగుతున్నాయి, లారీలకి ఎక్కుతున్నాయి. కారు ఆగీ ఆగకముందే ఫోన్లు పట్టుకుని కుర్రాళ్ళు మూగారు. కుడివైపు కూర్చున్నవాడే డ్రైవరనుకుని అందరూ జీవరాజు కిటికీ దగ్గరే. "తాతగారూ, ఒక్కసారి రైజ్ చెయ్యండి!" "ఎంత మైలేజ్ ఇస్తది తాతగారూ?" జీవరాజు తన ముందు స్టీరింగు లేదని చూపించడానికి రెండు చేతులూ ఎత్తితే, దానికీ ఫొటో తీశారు.

చంద్రరావు దిగాడు. చొక్కా సర్దుకున్నాడు. తండ్రి నిలబడ్డ చోటు ఎక్కడో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూశాడు గానీ, ఆ చోట ఇప్పుడు ఏటీఎం ఉంది. గొంతు సవరించుకుని గట్టిగానే అన్నాడు. "అందరూ వినండి! ఈ కారు ఇంజను మాదే. జీవరాజుగారు మార్చలేదు. మా నాన్నగారు అన్నది తప్పు."

గెల భుజాన ఉన్న మనిషొకడు ఆగాడు. "ఎవరు మార్చారంటన్నారండి?"

"ఎవరూ మార్చలేదయ్యా."

"మరింకేంటండి?" అని అతను లారీ వైపు పోయాడు. మిగతావాళ్ళు ఇదేదో వీడియో కోసం అనుకుని చప్పట్లు కొట్టారు. చంద్రరావు మొహం కందగడ్డలా అయింది. అయినా మనిషి అక్కడే నిలబడి, ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా, అదే మాట మొదటి నుంచి చివరి దాకా అన్నాడు. ఆ రెండోసారి అన్నందుకు హారతికి అతని మీద కొంచెం గౌరవం కలిగింది.

జీవరాజు కారు దిగి, రోడ్డు దాటి, మూలనున్న టీకొట్టు దగ్గరికి నడిచాడు. హారతి వెనకే వెళ్ళింది. పనయిపోయింది కాబట్టి టీ తాగొచ్చు. టీ వడపోస్తున్న ముసలామె తలెత్తి, కళ్ళు చికిలించి చూసింది.

"జీవరాజుగారు కదండీ! నేనండి, నూకరత్నాన్ని. మీ షెడ్డు ఆ మందుల కొట్టున్న చోటే ఉండేది కదా. ఏవైపోయారండీ? ఊరొదిలి పోయారనుకున్నాం."

"ఇక్కడేనండి. గోపాలపురంలోనే."

"ఇంత దగ్గర్లో ఉండి ఒక్కసారి కూడా ఇటు రాలేదేంటండి? మీ గురించి ఎవరన్నా అడిగితే చెప్పేదాన్ని. అమెరికా కారు ఇంజను విప్పి, మద్రాసు తీసుకుపోయి, మళ్ళీ తెచ్చి బిగించిన మనిషండి అని."

జీవరాజు ఒక అడుగు దగ్గరగా జరిగాడు. "ఇంకేమన్నా చెప్పుకునేవారా అండి?"

"ఇంకేముందండి చెప్పుకోడానికి?"

అతను వెనక్కి తిరిగి, తాము వచ్చిన రోడ్డు కేసి చూశాడు. "ఇన్నేళ్ళూ గట్టు మీంచి చుట్టూ తిరిగి పోయానండి," అన్నాడు హారతితో. "బస్సెక్కాలన్నా సరే, అవతల స్టాపు దాకా నడిచేవాణ్ణి. మా ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా ఆ గట్టు మీంచే." హారతి నియమాల్లో దీనికి ఏదీ లేదు. అతని పక్కన బల్ల మీద కూర్చుంది, అంతే.

నూకరత్నం రెండు గ్లాసులు అందిస్తూ, కుర్రాళ్ళ మధ్య ఎర్రగా కనిపిస్తున్న కారు వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఇదేనా అండి ఆ కారు?"

"ఇదేనండి," అన్నాడు జీవరాజు. టీ ఒక గుక్క తాగి, "ఇంజను కూడా అదే," అన్నాడు.